మూడోసారి తట్టని తలుపు

సైదాబాదులో కమలకుమారి పాఠాలు చెప్పే ప్రాథమిక పాఠశాలలో ఎన్నికలప్పుడు రెండు పోలింగ్ కేంద్రాలు పెడతారు. అందులో రెండో తరగతి గదిలో పెట్టేదానికి ముందునుంచీ చెడ్డపేరుంది. అక్కడ నూటికి నలభై మంది ఓటేస్తే అది గొప్ప ఏడాది కింద లెక్క. గొడవలు జరిగి కాదు, ఎవరో బెదిరించి కూడా కాదు. సెలవిచ్చారు కదా అని పడుకుంటారు. సాయంత్రం లేచి, టీవీలో ఓటింగ్ శాతం చూసి, ఈ ఊరు బాగుపడదు అని నిట్టూరుస్తారు. అలా నిట్టూర్చేవాళ్లలో సగం మంది ఇళ్లకు బడి గంట వినపడుతుంది.

ఆ బూత్‌కు బీఎల్వో పని, అంటే బూత్ లెవెల్ ఆఫీసర్ పని, జనవరిలో కమలకుమారి నెత్తిన పడింది. అంతకుముందు చేసినాయన బదిలీ మీద వెళ్లిపోయాడు. పేరులో ఆఫీసర్ అని ఉంటుందిగానీ, చేతిలో ఉండేది ఒక సంచీ, ఒక రిజిస్టరు, ఓటర్ల జాబితా, అంతే. ఇల్లిల్లూ తిరిగి ఓటరు స్లిప్పులు పంచాలి. మనిషి దొరకకపోతే ఒక ఇంటికి మూడుసార్లు వెళ్లాలి. అందులో కనీసం ఒక్కసారి సాయంత్రం పూట వెళ్లాలి. మూడోసారి కూడా దొరకకపోతే ఆ పేరును లేనివాళ్ల జాబితాలో చేర్చాలి. ఇల్లు మారినవాళ్లూ, ఊళ్లో లేనివాళ్లూ, పోయినవాళ్లూ అందరూ అందులోనే ఉంటారు. పోలింగ్ రోజు ఆ జాబితా ప్రిసైడింగ్ ఆఫీసరు చేతిలోనూ, పార్టీల ఏజెంట్ల చేతుల్లోనూ ఉంటుంది. అందులో పేరున్న మనిషి ఓటుకొస్తే నలుగురూ అనుమానంగా చూస్తారు.

కమలకుమారిది తెనాలి పక్కన పల్లె. పెళ్లయి హైదరాబాదు వచ్చి ఇరవై ఆరేళ్లయింది. పిల్లలు పలక మీద దిద్దుకోవడానికి పనికొచ్చేంత గుండ్రంగా ఉంటుంది ఆమె చేతిరాత. ఆ రాతతో రిజిస్టరు నింపేసరికి సూపర్‌వైజరు మురిసిపోయి మిగతా బీఎల్వోలందరికీ చూపించాడు. ఆ మెప్పు ఆమెకు కాస్త తలకెక్కింది. ఓటెయ్యని జనం మీద చిరాకు కూడా అప్పటినుంచే మొదలైంది. స్టాఫ్‌రూములో కూర్చుని, మనం ఎండలో పడి తిరిగి స్లిప్పు చేతికిస్తే గడప దాటలేరా వీళ్లు అని రోజూ అనేది.

స్లిప్పుల పంపకం మే నెల మొదట్లో వచ్చింది. ఆ ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకంటుకునేది. కమలకుమారి రోజూ పొద్దున పది గంటలకు బయల్దేరి పన్నెండున్నరకల్లా ఇల్లు చేరేది. ఆ వేళకు దొరికినవాళ్లు దొరికేవాళ్లు.

బడి వెనక సందులో ఒక ఇంటి పెరటి వైపు ఒంటిగది ఉంది. జాబితాలో ఆ గదికి ఉన్నది ఒకే పేరు, నీలమ్మ. భర్త పేరు పక్కన కీర్తిశేషులు అని ఉంది. మొదటిసారి వెళ్తే తాళం. రెండ్రోజులాగి మళ్లీ అదే వేళకు వెళ్తే మళ్లీ తాళం. ముందు వాటాలో ఉన్నవాళ్లు నెల కిందటే దిగిన కొత్త జంట. వెనక ఎవరుంటారో తమకు తెలియదన్నారు. కమలకుమారి రిజిస్టరులో రెండు తేదీలూ, రెండు టైములూ రాసుకుని, మూడోసారి సాయంత్రం రావాలని గుర్తు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే ఆమె భర్త ఏడుకొండలు ఊరికి ప్రయాణమయ్యాడు. నయాపూల్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో గుమాస్తా ఆయన. కక్షిదారులందరిచేతా ఇదంతా నిజమని ప్రమాణ పత్రాల మీద సంతకాలు పెట్టించడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషికి రెండు ఓట్లున్నాయి. సైదాబాదులో ఒకటి, తెనాలి పక్కన పుట్టిన ఊళ్లో ఒకటి. రెండు రాష్ట్రాల్లోనూ ఈసారి పోలింగ్ ఒకే రోజు వచ్చింది. ఆయనకు రాజకీయమంటే ఊళ్లోదే. అక్కడి కులాలూ, వర్గాలూ, ఎవరి తోడల్లుడు ఎటు తిరిగాడన్నదీ పడక్కుర్చీలో కూర్చుని చెప్పగలడు. ఇక్కడ తమ వీధిలో పోటీ చేస్తున్నదెవరో ఆయనకు తెలియదు. ముందుగా టికెట్లు కొనుక్కోకపోవడంతో పోలింగ్ ముందురోజు బస్సుల్లో ఒక్క సీటూ మిగల్లేదు. వారం ముందటి బస్సులో ఒకటి దొరికింది. లీవు పెట్టి వెళ్తానన్నాడు.

ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, దారికి పులిహోర కలిపి, అత్తగారికి జంతికలు వండి డబ్బాకెత్తేసరికి ఏడు దాటింది. ఆయన్ను ఆటో ఎక్కించి వచ్చి కూర్చుంటే మోకాళ్లు లాగుతున్నాయి. విజిట్ల తేదీలతో సహా లేనివాళ్ల జాబితా మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి. కమలకుమారి రిజిస్టరు తెరిచి, నీలమ్మ పేరు ఎదురుగా, మూడో విజిట్, మే ఏడు, సాయంత్రం ఆరు పది, తాళం, ఇల్లు మారినట్టుంది అని రాసింది. ఆరు పది అని ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. ఉత్త ఆరు అని రాస్తే అబద్ధంలా కనిపిస్తుందనుకుంది కాబోలు. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చాయి.

అదే రిజిస్టరులో మరో పేజీలో తన ఇంటి నంబరూ ఉంది. ఏడుకొండలు పేరు ఎదురుగా స్లిప్పు అందింది అని రాసి తనే సంతకం పెట్టి, ఆ స్లిప్పును ఫ్రిజ్ తలుపుకి మామిడికాయ అయస్కాంతంతో అంటించింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు.

పోలింగ్ రోజు పొద్దున ఆరున్నరకే కమలకుమారి బడి ఆవరణలో షామియానా కింద తన టేబుల్ సర్దుకుంది. గేటు ఇంకా తీయలేదు. గేటుకు అవతల ఒక్కావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. ఉతికి ఆరేసిన నేతచీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కార్డు. వేళ్ల చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి, రోజూ బంతిపూలు పట్టుకునే చేతులకు ఉండే రంగు అది. గేటు తీయగానే నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చి తన పేరున్నదా అని అడిగింది. కమలకుమారి స్లిప్పేదని అడిగితే ఎవరూ తేలేదంది. పేరడిగితే నీలమ్మ అంది.

కమలకుమారి చెయ్యి రిజిస్టరు మీదికి పోయి ఆగింది.

ఆవిడ అడక్కుండానే తన సంగతి చెప్పుకుపోయింది. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెస్తుందట. మధ్యాహ్నం దాకా చౌరస్తాలో అమ్మి, ఇంటికొచ్చి కాసేపు పడుకుని, సాయంత్రం మళ్లీ మర్నాటి దండలు కడుతుందట. మార్కెట్‌కు పోనిది ఓట్ల రోజొక్కటే. దానికీ కారణముంది. భర్త పోయిన కొత్తలో ఒకసారి పదకొండింటికి ఓటుకొస్తే, నీ ఓటు పడిపోయింది పో అన్నారు. ఎవరో ఆమె పేరు మీద వేసి వెళ్లిపోయారు. తను బతికుండగానే తన పేరుతో ఇంకో మనిషి తిరిగిందన్న మాట ఆమెకు అన్నం సయించనివ్వలేదట కొన్ని రోజులు. అప్పటినుంచీ గేటు తీయకముందే వచ్చి నిలబడుతుంది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. కమలకుమారి చెప్పలేదు. జాబితాలో నంబరు వెతికి, తెల్ల కాగితం మీద రాసిచ్చి, రెండో తరగతి గది అటు అని చూపించింది. లోపల ఎవరూ పట్టించుకోకపోతే బావుండునని లోలోపల కోరుకుంది. పిల్లలు హోంవర్కు చెయ్యని రోజు వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటారు, సరిగ్గా అలాగే కూర్చుంది.

పది నిమిషాల్లో లోపల్నుంచి పిలుపొచ్చింది.

ప్రిసైడింగ్ ఆఫీసరు భరద్వాజ్ ఎక్కడో పాలిటెక్నిక్‌లో లెక్చరరు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. ఏ పనీ నిబంధన చదవకుండా చేసే మనిషి కాదు. ఆయన ముందు జాబితా తెరిచి ఉంది. గోడ వారగా ఇద్దరు ఏజెంట్లు కూర్చున్నారు. ఒకాయన బాలనర్సింహ, మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం యజమాని. ఇంకొకాయన డానియేలు, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బాలనర్సింహ అభ్యంతరం పెట్టాడు. నీలమ్మ లేనివాళ్ల జాబితాలో ఉంది, కార్డు మీద ఫొటో ఎవరిదో ముప్ఫై ఏళ్ల మనిషిది, కాబట్టి ఈవిడ ఆవిడ కాదు అని. కార్డు తీయించుకుని ముప్ఫై ఏళ్లయింది మరి. డానియేలేమో ఈవిడే ఆవిడ అని వాదించాడు.

ఇందులో నీలమ్మ మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. బడి వెనక సందు డానియేలు పార్టీదని ఆ పేటలో అందరూ అనుకుంటారు. అందుకని ఆ సందులోంచి ఎవరొచ్చినా ఒకాయన కాదంటాడు, ఇంకొకాయన ఔనంటాడు. నీలమ్మ ఏ గుర్తు నొక్కుతుందో వాళ్లెవరూ ఆమెను అడిగింది లేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

"సార్, మేడం మూడుసార్లు పోయిన అని రాసింది, మూడుసార్లు తాళమే ఉన్నదన్నది," అన్నాడు బాలనర్సింహ. "ఇప్పుడేమో మనిషి వచ్చింది. మేడం రాసిందన్న తప్పు కావాలె, లేకుంటే ఈమె వేరే మనిషన్న కావాలె. ఏదో ఒకటి తేల్చుండ్రి."

భరద్వాజ్ కాగితం మీద వేలు పెట్టి చదివాడు. మూడో విజిట్, మే ఏడు, సాయంత్రం ఆరు పది, తాళం. సంతకం మీదేనా మేడం అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

కమలకుమారి జవాబు చెప్పేలోపల నీలమ్మ ఆమె వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఆరు గొట్టంగ నేను గడపల కూసొని పూలు కడ్తుంటి టీచరమ్మా. ఏ దినమైనా గంతే. సందుల ఎవరినన్న అడుగు. నువ్వు రాకపోతే నేను లేనట్టేనా?"

కమలకుమారికి దారి లేకపోలేదు. సంతకం నాదే, తాళమే ఉంది, ఈవిడెవరో నేనెరగను అనొచ్చు. అందులో సగం నిజం కూడా. రిజిస్టరు ఆమె వైపే ఉంది. ఆమె రాతను చూసి ఎవరూ అబద్ధమనుకోరు. నీలమ్మ రెండోసారి కూడా, తన పేరుతో ఇంకెవరో అన్నట్టుగా, తిరిగి వెళ్లిపోతుంది. అన్నం సయించలేదన్న మాట కమలకుమారికి అప్పుడు గుర్తొచ్చింది.

"సంతకం నాదే సార్," అంది. "మూడోసారి నేను వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని రాశాను."

అన్నాక, ఇరవై రెండేళ్ల సర్వీసులో తప్పు ఒప్పుకోవడం ఇదే మొదటిసారని ఆమెకు అర్థమైంది. పిల్లలచేత మాత్రం రోజూ ఒప్పిస్తుంది.

భరద్వాజ్ జాబితా పక్కకు జరిపి ఒక తెల్ల కాగితం తీశాడు. తర్వాత, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాల్సి ఉంటుందన్నాడు. అది మిగతా కాగితాలతో పాటు పైకి వెళ్తుంది, మెమో రావచ్చు, ఇంక్రిమెంటు మీద కూడా పడొచ్చు అన్నాడు. రాస్తానంది. అయితే ఇంకో చిక్కుంది. కమలకుమారి అంతకుముందెన్నడూ నీలమ్మను చూడలేదు కాబట్టి, ఈవిడే నీలమ్మ అని ఆమె చెప్పడానికి లేదు. ఎరిగినవాళ్లు ఎవరైనా చెప్పాలన్నాడు భరద్వాజ్. డానియేలు చెప్తానని లేచాడుగానీ, అవతలి ఏజెంటు అభ్యంతరం అలాగే ఉంది.

నీలమ్మ బాలనర్సింహ వైపు చూసింది.

"నిన్న పొద్దుగాల నీ దుకాణంల పటానికి దండ ఎవరిచ్చిండ్రు బిడ్డా?"

బాలనర్సింహ తల దించుకున్నాడు. చేతిలో ఉన్న పెన్ను మూత తీశాడు, పెట్టాడు. ఆ గదిలో అప్పటికే ఒకరు తమ అబద్ధాన్ని తామే ఒప్పుకుని ఉన్నారు. అందువల్లో ఏమో, ఆయన తన మాట ఎక్కువసేపు పట్టుకుని కూర్చోలేకపోయాడు.

"ఈమెనే సార్," అన్నాడు. "నీలమ్మనే. రాసుకోండ్రి."

సంతకం రాదు కాబట్టి వేలిముద్ర తీసుకున్నారు. ఎడమచేతి చూపుడు వేలికి సిరా పెట్టారు. పసుపుపచ్చ మీద సిరా కొంచెం ఆకుపచ్చగా తేలింది. నీలమ్మ అట్ట మరుగుకు వెళ్లింది. తొందర పడలేదు. మెషీన్ బీప్ మనేదాకా గదిలో అందరూ తమకే సంబంధమున్నట్టు ఎదురుచూశారు. కమలకుమారి రెండో తరగతి పిల్లల చిన్న బల్ల మీద వంగి తన తప్పు రాసిచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె రాత వంకర పోయింది.

బయటికి వచ్చాక నీలమ్మ టేబుల్ దగ్గర ఆగింది. దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు. మెచ్చుకోవడానికి అక్కడ ఏమీ లేదని ఆవిడకు తెలుసు.

"ఇంకోపారి పొద్దూకినంక రా," అంది. "ఇంట్లనే ఉంట."

ఆ రోజు సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేసరికి ఆ బూత్‌లో నూటికి నలభై ఒకటి తేలింది. ఏజెంట్లు సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. మార్కు చేసిన జాబితా మూటకట్టే ముందు భరద్వాజ్ పేజీలు తిరగేస్తుంటే పక్కనే నిలబడిన కమలకుమారికి రెండు పేర్లు కనిపించాయి. నీలమ్మ పేరు కింద, ఓటు పడినట్టు, ఎర్ర గీత ఉంది. ఏడుకొండలు పేరు కింద ఏమీ లేదు. రెండు పేర్లూ తను రాసిన రిజిస్టరు దాటి వచ్చినవే. ఉన్న మనిషిని లేదని రాసింది. ఓటుకు రాడని తెలిసిన మనిషికి స్లిప్పు అందిందని సంతకం పెట్టింది. మొగుడు కాబట్టి.

మర్నాడు సాయంత్రం కమలకుమారి బడి వెనక సందుకు వెళ్లింది. టైము చూసుకుని వెళ్లింది. నీలమ్మ గడపలో కూర్చుని చేమంతులు గుచ్చుతోంది. తలెత్తి చూసి, బుట్ట పక్కకు జరిపి చోటిచ్చింది. కమలకుమారి కూర్చుంది. కొంచెంసేపటికి నీలమ్మ దారం చివర పట్టుకోమని చేతికిచ్చింది. దారం పట్టుకునే కమలకుమారి సందంతా చూసింది. మనుషులు ఒక్కొక్కరే పనుల్నుంచి తిరిగొచ్చి తాళాలు తీసుకుంటున్నారు. పొద్దున పదింటికి తను తిరిగినప్పుడు ఈ సందులో ఇంతమంది ఉన్నారని ఆమెకు తెలియదు. వీళ్లనే నాలుగు నెలలుగా బద్ధకస్తులని తిట్టింది. అందరూ కాకపోయినా కొందరికైనా తను చేరనే లేదు. వచ్చేముందు రిజిస్టరులో మే ఏడు అన్న రాతను అడ్డంగా కొట్టేసి, అసలు తేదీ వేసి, మనిషి ఉన్నారు అని రాసింది.

ఇంటికొచ్చేసరికి ఏడుకొండలు ఊరినుంచి దిగి ఉన్నాడు. ప్రయాణపు బట్టల్లోనే పడక్కుర్చీలో కూర్చుని, సిరా వేలు అందరికీ కనపడేలా చేతిని కుర్చీ బయటకు వేలాడేశాడు. మహా హుషారుగా ఉన్నాడు. ఊళ్లో జనం అర్ధగంట ముందే లైన్లు కట్టారట, ముసలివాళ్లను కుర్చీల్లో మోసుకొచ్చారట. తమ బూత్‌లో నూటికి ఎనభై ఏడట.

"ఇక్కడెంత?" అన్నాడు.

"నలభై ఒకటి."

ఏడుకొండలు హాయిగా నవ్వాడు. "మీ హైదరాబాదు జనం ఇంతేనోయ్. గడప దాటరు," అన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ నీళ్లు తాగుతున్న మనిషి మీ హైదరాబాదు అనడం కొత్తేమీ కాదు. ఆమె కూడా అలాగే అనేది. ఈసారి మాత్రం ఆ మాట చెవికి తగిలింది. కమలకుమారి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, మామిడికాయ అయస్కాంతం తీసి, స్లిప్పు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ గడప దాటని యాభై తొమ్మిదిలో మీరూ ఉన్నారండీ," అంది.

ఆయన నవ్వు ఆగింది. స్లిప్పు మీద తన పేరు, తన ఇంటి నంబరు, తన బూత్ నంబరు. ప్రమాణ పత్రాలు రోజూ చూసే కళ్లకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. సిరా వేలు మెల్లగా కుర్చీ లోపలికి తీసుకున్నాడు.

కమలకుమారి సంచీలోంచి రిజిస్టరు తీసి, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. వీధిలో అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏడుకొండలు గారూ, మీరుండేది ఇక్కడేనా?"

"నా పేరే కొట్టేస్తావా ఏంటి?"

"ఒక్కచోట ఉంచమంటున్నాను. అది ఏ ఊరో మీరే చెప్పండి."

ఏడుకొండలు కిటికీలోంచి బయటికి చూశాడు. ఊళ్లో తల్లి ఉంది, వర్గముంది, పేరు పెట్టి పిలిచే జనముంది. ఇక్కడ ఇల్లుంది, పెళ్లాముంది, ఇరవై ఆరేళ్లున్నాయి. ముందు కాఫీ ఇయ్యి కమలా, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

ఆమె లేవలేదు. గడియారం చూసి, గుండ్రని అక్షరాలతో రాసింది. మొదటి విజిట్, సాయంత్రం ఏడు ఇరవై, మనిషి ఉన్నారు, జవాబు లేదు. ఈసారి టైము సరిగ్గా అదే.

"మళ్లీ వస్తానండీ," అంది రిజిస్టరు మూసి. "మూడోసారి కూడా వస్తాను."

అప్పుడు లేచి కాఫీకి నీళ్లు పెట్టింది.